క్యారియర్ ఎన్నింటికి కడతారు?

ఫోనక్క గొంతు విన్నవాళ్లు మధ్యలో ఫోను పెట్టేసిన దాఖలా లేదని ఆ ఆఫీసులో చెప్పుకునేవారు. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎవరైనా ముందు విసుక్కుంటారు, "ఏం అమ్ముతున్నారు?" అని కసురుతారు. ఫోనక్క మాత్రం, "అమ్మా, పొయ్యి మీద ఏమైనా ఉందా? ఉంటే దించి రండి, నేను ఆగుతాను" అనేది. అవతలావిడ నిజంగానే వెళ్లి దించి వచ్చేది. వచ్చేసరికి ఇద్దరూ చుట్టాలైపోయేవారు.

భర్త పోయిన కొత్తలో ఆమె బస్టాండు పక్కన ఫోను బూత్ నడిపింది. అద్దాల గదిలో నిలబడి జనం ఏడ్చిన ఏడుపులూ, పొంగిపోతూ చెప్పుకున్న శుభవార్తలూ అద్దానికి ఇవతల కూర్చుని ఎన్ని విన్నదో. చావు కబురు విని బయటికొచ్చినవాళ్ల దగ్గర డబ్బు తీసుకునేది కాదు. స్టూలు జరిపి, మంచినీళ్లిచ్చి, "కాసేపు కూర్చుని వెళ్లండి, బస్సు మళ్లీ వస్తుంది" అనేది. అందరి జేబుల్లోకీ ఫోన్లొచ్చి బూత్ మూతపడ్డాక అదే గొంతు పెట్టుబడిగా ఈ ఆఫీసులో చేరింది. పేరు మాత్రం బూత్ నుంచే వెంట వచ్చింది.

ఆఫీసంటే సైకిళ్ల షాపు మీద ఒక మేడ గది. మూడు ఫోన్లు, ఒక కంప్యూటరు, ఎటు తిప్పినా ఒకే వైపు గాలి కొట్టే టేబుల్ ఫ్యాను. ఏటా ఎండాకాలం చివర అక్కడి నుంచి ఒక పుస్తకం వచ్చేది. చుట్టుపక్కల ఉన్న కాలేజీలన్నీ అందులో ఉండేవి. ఏ కాలేజీలో చేరినవాళ్లలో ఎంతమంది చదువు ముగించారు, ముగించినవాళ్లలో ఎంతమంది పనిలో కుదిరారు, అందుకు ఇంటివాళ్లకు ఎంత ఖర్చయింది అన్న మూడు సంగతులూ పక్కపక్కన వేసి, మంచిచెడ్డల వరసలో కాలేజీలను నిలబెట్టేవారు. ఆ పుస్తకం కూర్చేది, అందరూ పుస్తకం సారు అని పిలిచే పెద్దాయన. ఆయన పూర్వం బడిపంతులు. గేటు ఎత్తు చూసి పిల్లల్ని కాలేజీలో పడేసే తల్లిదండ్రులకు కాస్త దారి చూపిద్దామని రిటైరయ్యాక ఈ పని నెత్తికెత్తుకున్నాడు. లాభం మాట ఎలా ఉన్నా, ఆ పుస్తకం చూడకుండా ఆ ప్రాంతంలో ఎవరూ పిల్లల్ని చేర్చేవారు కాదు.

రెండో సంగతి, అంటే పనిలో కుదిరారా లేదా అన్నది, ఫోనక్క వంతు. చదువు పూర్తయ్యాక రెండేళ్ల పాటు ప్రతి పిల్ల ఇంటికీ, పిల్లవాడి ఇంటికీ ఫోను చేసి అడగాలి. కాలేజీల దగ్గర ఉండేవి చేరేటప్పుడు ఇచ్చిన ఇంటివాళ్ల నంబర్లు. కాబట్టి ఎత్తేది ఎక్కువగా తల్లులే. ఆడవాళ్లను వంటవేళ తొందరపెట్టడం ఇష్టం లేక, ఇంటిపనులు తీరిన పదకొండు, పన్నెండు గంటల మధ్య ఫోను చేసేది. ప్రతి నంబరుకూ ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, "దేవుడా, ఈ ఇంట్లో మంచి మాటే వినిపించు" అనుకునేది.

ఆ ప్రార్థనే ఆమె కొంప ముంచింది.

ఆ రోజు పొద్దున ఆఫీసు కింద హారన్ మోగింది. ఫోనక్క కిటికీలోంచి తొంగిచూస్తే తమ్ముడు ట్రాలీ ఆటో ఆపి పైకి చూస్తున్నాడు. దాని వెనక తలుపు మీద పసుపు రంగు పిచ్చుక బొమ్మ. కూతురు పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని దాన్ని పిచ్చుక అన్నారు. ఆ ఏడే కొన్న బండి మీద ఆ బొమ్మ వేయించాడు. ఆ బండి మీద బీరువాలు మోశాడు, సిమెంటు మోశాడు, దారిలో నడిచే ముసలివాళ్లను ఊరికే ఎక్కించుకున్నాడు. ఆ బండే వాళ్ల అన్నం.

తమ్ముడు మెట్లెక్కి వచ్చి చేతిలోని పుస్తకం చూపించాడు. నిరుటిది. ఒక పేజీ అంచు మడిచి ఉంది.

"పిచ్చుకకి రెండు చోట్లా సీటొచ్చింది అక్కా. గుట్టమీది కాలేజీలోనూ, కాలువ పక్క దాంట్లోనూ. సాయంత్రం ఐదు లోపల ఏదో ఒకటి ఫోన్లో నొక్కెయ్యాలంట. నొక్కాక మార్చడానికి లేదు."

"మరి?"

"మరేముంది. గుట్టమీదిది నీ పుస్తకంలో మొదట ఉంది. మూడేళ్ల నుంచీ మొదటే. కాలువ పక్కది ఎక్కడో అడుగున వేలాడుతోంది. ఫీజు, హాస్టలు చూస్తే కళ్లు తిరిగాయనుకో. అందుకని బండికి బేరగాణ్ని చూశాను. నాలుగింటికి వస్తానన్నాడు."

ఫోనక్క చేతిలో పెన్ను ఆగిపోయింది. "బండి అమ్మేస్తావా? అమ్మి ఏం చేస్తావురా?"

"వేరేవాళ్ల లారీ మీద ఎక్కుతా. డ్రైవరుకి పని కరువా? ముసలాడినయ్యాక పిచ్చుకే నన్ను కారులో తిప్పుతుంది." తమ్ముడు నవ్వి పుస్తకాన్ని చంకలో పెట్టుకున్నాడు. "ఊళ్లో వంద మంది వంద చెప్తారు. ఈ పుస్తకం నువ్వు చేసింది కాబట్టి నాకు ధైర్యం. వస్తా."

పోతూ పోతూ టీ బండివాడి గ్యాసు సిలిండరు ట్రాలీలో వేసుకుని, వీధి చివర దించి పోయాడు. ఆ పెద్దాయన నడుంనొప్పి సంగతి తమ్ముడికి తెలుసు.

ఫోనక్క తిరిగొచ్చి కూర్చుంది. ఈ ఏటి పుస్తకం ఆ సాయంత్రమే ప్రెస్సుకు పోవాలి. గుట్టమీది కాలేజీ ఇళ్లు కొన్నే మిగిలాయి. కళ్లు మూసుకుని, తెరిచి, నంబరు నొక్కింది.

"అమ్మా, కాలేజీల పుస్తకం ఆఫీసు నుంచి. మీ అబ్బాయి చదువైపోయింది కదా, ఎక్కడైనా పనిలో చేరాడామ్మా?"

అవతల ఒక చిన్న ఆగుడు. ఆ ఆగుడు ఫోనక్కకు కొత్త కాదు. తడుముకునే మనిషిని గట్టు దాటించడానికి చెయ్యి అందించినట్టు, ఎప్పటిలాగే, "చేరాడని రాసుకోనా అమ్మా?" అంది.

"రాసుకో తల్లీ." ఆ పెద్దావిడ గొంతు తేలికపడింది. వెనక నుంచి మగపిల్లాడి గొంతు, "ఎవరమ్మా? నేను లేనని చెప్పు" అనడం వినిపించింది. ఆవిడ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి ఏదో గదిమి, మళ్లీ అంది. "నిరుడు చేసింది కూడా నువ్వే కదూ? గొంతు గుర్తుపట్టాను. నిరుడూ ఇలాగే రాసుకున్నావు. నువ్వు చాలా మంచిదానివి తల్లీ. నీ పిల్లలు చల్లగా ఉండాలి."

ఫోను పెట్టేసింది ఆవిడ. ఫోనక్క పెట్టలేదు. అంత ఆప్యాయంగా ఆమెను ఎవరూ చెంపదెబ్బ కొట్టి ఉండరు.

పక్క కుర్చీలో లెక్కల పిల్ల కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. ఫోనక్క చెప్పిన సమాధానాలను అంకెలుగా మార్చేది ఆ అమ్మాయే. నోరు కాస్త చురుకు, మనసు మెత్తన.

"ఏంటక్కా, దెయ్యాన్ని చూసినట్టు అలా అయిపోయావు?"

"ఆగినవాళ్లందరికీ నేనే సాయం చేశానే," అంది ఫోనక్క. "తల్లి కదా, నోటితో లేదనడానికి ఎంత కష్టమో అని. 'చేరాడని రాసుకోనా' అని నేనే అందించాను. గుట్టమీది వాళ్లే ఎక్కువ ఆగుతారు. అంత ఖర్చు పెట్టినవాళ్లకి లేదని చెప్పడం ఇంకా కష్టం."

లెక్కల పిల్ల కుర్చీ తిప్పింది. "అంటే మొదటి ర్యాంకు..."

"నేనిచ్చాను. జాలిపడి."

పుస్తకం సారు ప్రూఫుల మీది నుంచి తలెత్తాడు. విని కోప్పడలేదు. కళ్లజోడు తీసి పంచెతో తుడిచాడు, మళ్లీ తుడిచాడు. "వాళ్లు చెప్పిందే రాశాం కదమ్మా. అడక్కుండా కల్పించలేదు కదా."

"సార్, మా తమ్ముడు ఈ అంకె చూసుకుని నాలుగింటికి బండి అమ్మేస్తున్నాడు."

ఫ్యాను ఒకవైపే కొడుతోంది. సారు కళ్లజోడు పెట్టుకుని గోడ గడియారం వంక చూశాడు. పన్నెండు కాబోతోంది. "ప్రెస్సువాణ్ని రేపు రమ్మంటాను," అని రెండో ఫోను తన వైపు లాక్కున్నాడు. "అయితే ఎలా అడుగుదాం? 'నిజం చెప్పండి' అంటే తల్లి అనేవాళ్లు ఎవరూ చెప్పరు."

ఫోనక్కకూ తెలియలేదు. తమ్ముడికి ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బండి నడిపేటప్పుడు ఫోను ముట్టకురా అని ఒట్టు వేయించుకున్నది తనే. మేనకోడలికి చేసింది. కట్ చేసి, వెంటనే ఒక మెసేజి పెట్టింది పిచ్చుక: 'సీటు పేజీ తెరిచుంది అత్తా, ఫోనొస్తే పోతుంది. సాయంత్రం శుభవార్త చెప్తా.'

మెసేజిలో రాయగలిగిన మాట కాదిది. కాలు గాలిన పిల్లిలా గదిలో తిరిగి, ఏదో ఒకటి చేయాలి కాబట్టి మళ్లీ ఫోనెత్తింది. గుట్టమీది కాలేజీలో చదివిన ఇంకొకరి ఇల్లు. ఏం అడగాలో తోచక మర్యాదకు, "భోజనాలయ్యాయా అమ్మా?" అంది.

"ఎక్కడమ్మా, వాడు లేచి స్నానం చేస్తేగానీ వడ్డించడానికి లేదు. రాత్రంతా ఆ ఫోను చూసుకుంటూ..." అని ఆవిడ కొడుకు మీద పితూరీలన్నీ మొదలుపెట్టింది. చివరికి ఫోనక్క అసలు ప్రశ్న అడిగితే, "ఆ, మంచి ఉద్యోగమే చేస్తున్నాడు," అంది, ఏమాత్రం తడబడకుండా.

ఫోనక్క నెమ్మదిగా ఫోను దించింది. "ఉద్యోగం గురించి అడిగితే పరువు అడ్డమొస్తుంది సార్. అన్నం గురించి అడిగితే రాదు. పొద్దున్నే క్యారియర్ ఎన్నింటికి కడతారని అడుగుదాం."

సారు ఒక క్షణం ఆలోచించాడు. "క్యాంటీన్ ఉన్న ఆఫీసైతే?"

"అప్పుడు తల్లి ఊరుకోదు సార్. ఆ క్యాంటీన్ తిండిని తిట్టిపోస్తుంది," అంది లెక్కల పిల్ల.

అప్పుడు మొదలుపెట్టారు ముగ్గురూ. ఎవరినీ బోనెక్కించలేదు. వేళకు తింటున్నాడా, ఎన్నింటికి బయల్దేరతాడు, క్యారియర్ మీరే కడతారా అని చుట్టాల్లా అడిగారు. కొందరు తల్లులు, "ఏడున్నరకల్లా కట్టెయ్యాలమ్మా, లేకపోతే బస్సు దొరకదు" అన్నారు. కొందరు, "క్యారియరా? ఇంట్లోనే తింటాడుగా" అని, అన్నాక మౌనమైపోయారు. ఆ మౌనం దగ్గర ఫోనక్క ఈసారి చెయ్యి అందించలేదు. ఆగింది. ఆగడం ఎంత బరువో ఆమెకు ఆ రోజు తెలిసింది. ఒకావిడ ఆ మౌనంలో ఏడ్చింది. "ఎవరికీ చెప్పలేదమ్మా, మా అన్నయ్యకి కూడా చెప్పలేదు" అంది. ఫోనక్క ఆవిడ తెప్పరిల్లేదాకా ఫోను పట్టుకుని కూర్చుంది. గడియారం వైపు చూడకుండా ఉండటానికి గోడ వైపు వీపు పెట్టుకుంది.

గుట్టమీది కాలేజీ ఇళ్లలో క్యారియర్ కట్టేవి సగానికి తక్కువే తేలాయి.

"బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత," అంది లెక్కల పిల్ల. "సరే, కాలువ పక్కది చూడండి ఇక."

కాలువ పక్క కాలేజీకి చేస్తే ఒక్కరూ ఎత్తలేదు. మోగడం, ఆగిపోవడం. నిరుడూ అంతే, అంతకుముందూ అంతే. లెక్కల పిల్ల పాత పేజీలు తిరగేసి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"సార్, ఎత్తనివాళ్లని ఏం చేశాం మనం?"

"'లేదు' గడిలో వేశాం. మంచి కబురున్నవాళ్లు ఎగిరి ఎత్తుతారు కదా అని..." సారు మాట పూర్తి చెయ్యలేదు.

ఫోనక్క కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురు బిల్డింగులో తుడిచే ఆవిడ బకెట్టు పక్కన పెట్టి, మెట్ల మీద కూర్చుని డబ్బా మూత తీస్తోంది. భోజనం బ్రేకు. పక్కన పెట్టిన ఫోనును అప్పుడే చేతిలోకి తీసుకుంది.

"నేను ఫోను చేసేది ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకి తీరిక దొరికే వేళ," అంది ఫోనక్క. "కాలువ పక్క పిల్లల తల్లులు ఆ వేళకి పనిలో ఉంటారేమో. ఇప్పుడు చేద్దాం. అన్నం తినేటప్పుడు."

మొదటి నంబరు రెండో మోతకే ఎత్తారు. వెనకాల మిషన్ల హోరు.

"తొందరగా చెప్పండి, సూపర్‌వైజరు తిరుగుతున్నాడు. మా అబ్బాయా? పొద్దున్నే మా ఇద్దరికీ నేనే కట్టాను క్యారియర్లు. ఇద్దరిదీ ఒకటే బస్సు. వాడిది తర్వాతి స్టాపు. ఏం, వాడేమైనా చేశాడా?"

"మంచే చేశాడమ్మా," అంది ఫోనక్క.

అందరూ అలా ఎత్తలేదు. ఎత్తినవాళ్లలో అందరి పిల్లలూ పనిలో లేరు. కానీ ఎత్తినవాళ్లలో క్యారియర్ కట్టని ఇళ్లు తక్కువ. ఒకావిడ, "నా కూతురు మోటార్ల ఫ్యాక్టరీలో చేస్తుంది, నమ్మకపోతే దాన్నే అడుగు, నంబరు రాసుకో" అని గర్వంగా నంబరిచ్చింది. ఫోనక్క దాన్ని అరచేతి మీద రాసుకుంది.

మూడున్నర దాటింది. తమ్ముడు ఇంకా ఫోను ఎత్తడం లేదు.

"స్కూటరు తీస్తున్నా, రా అక్కా," అంది లెక్కల పిల్ల. "గట్టిగా పట్టుకో. నన్నూ, నీ దేవుణ్నీ."

సారు తలెత్తకుండానే, "మీరెళ్లండమ్మా, మిగతావాళ్లకి నేను చేస్తుంటాను" అన్నాడు. అప్పటికే ఆయన గొంతు కూడా ఫోనక్క గొంతులా మెత్తబడింది.

దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. డబ్బా తరవాత డబ్బా వస్తూనే ఉంది. ఫోనక్క వెనక సీటు మీద కూర్చుని దేవుణ్ని మంచి మాట వినిపించమని అడగలేదు. నోరు పెగిలేటట్టు చూడమని మాత్రం అడిగింది.

వీళ్లు చేరేసరికి తమ్ముడి ఇంటి ముందు బేరగాడు ట్రాలీ చుట్టూ తిరుగుతున్నాడు. టైర్లు కాలితో తన్ని చూస్తున్నాడు. "ఈ పిట్టబొమ్మ చెరిపించేయాలి," అంటున్నాడు. "సరుకు తోలే బండికి పిట్టలేంటి." తమ్ముడు నవ్వబోయి నవ్వలేకపోయాడు. బండి తాళం స్టూలు మీద ఉంది. వాకిట్లో పిచ్చుక రెండు చేతులతో ఫోను పట్టుకుని, కదిలితే పేజీ ఒలికిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా కూర్చుంది. మరదలు నిలబడే ఉంది.

"రా వదినా, వేళకొచ్చావు. నీ చేత్తో నొక్కిద్దామనుకుంటున్నాం," అంది మరదలు.

ఫోనక్క కూర్చోలేదు. "తమ్ముడూ, తాళం ఇవ్వకు. మొదటిది మొదటిది కాదు."

జరిగింది జరిగినట్టు చెప్పింది. తడుముకున్న తల్లులకు మాట అందించడం, ఎత్తని ఫోన్లను 'లేదు' గడిలో వేయడం, ఈ రోజు చేసిన ఫోన్లు. లెక్కల పిల్ల సాయానికి రాబోతే చేత్తో ఆపింది.

తమ్ముడు బండి మీది పిచ్చుక బొమ్మ కేసి చూశాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు. "ఇంతకాలం తప్పు చెప్పి, ఈ పూట తెలిసిందంటావు. రేపు ఈ పూటది కూడా తప్పని తేలితే? అప్పుడెవరి గుమ్మం తొక్కను అక్కా?"

"నాదే."

"నీ గుమ్మం తొక్కితే పిల్ల ఏళ్లు వెనక్కొస్తాయా?"

బేరగాడు గొంతు సవరించుకున్నాడు. "బాబూ, ఇస్తావా ఇవ్వవా, నాకు ఇంకో బండి చూడాల్సి ఉంది."

"ఒక్క నిమిషం కూర్చోండి," అని మరదలు ఆయనకు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. బేరం పోయేలా ఉన్నా మర్యాద పోనివ్వని ఇల్లది.

పిచ్చుక అప్పటిదాకా ఫోను మీది నుంచి కళ్లెత్తలేదు. ఇప్పుడెత్తింది. ఆ కళ్లు నిండి ఉన్నాయి. "నేను గుట్టమీదికి వెళ్లి చూసొచ్చాను అత్తా. లైబ్రరీ ఎంత బాగుందో. ఊళ్లో అమ్మలందరి మనసూ నొప్పించకుండా చూశావు. నొప్పంతా దాచి దాచి నాకు తెచ్చిచ్చావా?"

ఫోనక్క ఆ మాట పడింది. పడాల్సిందే అనిపించింది. "అవును తల్లీ," అంది.

"అయితే నీ మాట వద్దు, పుస్తకం వద్దు. నేనే అడుగుతా. అక్కడ చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఫోనక్క అరచెయ్యి చాపింది. చెమటకు అంకెలు కాస్త చెదిరాయి, కానీ చదవొచ్చు. తన ఫోనిచ్చింది. పిచ్చుక నొక్కింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. ఎత్తలేదు.

నాలుగున్నర దాటింది. బేరగాడు కుర్చీ అంచుకు జరిగాడు. తమ్ముడు స్టూలు మీది తాళం తీసి, చేతిలో ఆడించి, మళ్లీ అక్కడే పెట్టాడు. మరదలు గోడ గడియారం కేసి చూసి, "అది కొంచెం ముందుంటుంది" అంది ఎవరూ అడగకుండానే.

ఐదవడానికి కొద్దిసేపు ఉందనగా ఫోనక్క ఫోను మోగింది. పిచ్చుక లాక్కుంది. స్పీకరులో ఒక ఆడపిల్ల గుసగుస.

"ఎవరు? రెండుసార్లు చేశారు? డ్యూటీలో ఉన్నాను, బాత్రూంలో నిలబడి మాట్లాడుతున్నా, తొందరగా చెప్పండి."

పిచ్చుక ముందు తడబడి, తరవాత గడగడా అడిగేసింది. కాలువ పక్క కాలేజీలో చేరాలా వద్దా అని.

అవతల పిల్ల నవ్వింది. "గొప్ప కాలేజీ ఏం కాదమ్మాయ్. వానొస్తే రెండు గదులు కురుస్తాయి. ల్యాబులో సగం మిషన్లు దండం పెట్టుకోవడానికే. అందుకే మా సార్లు మమ్మల్ని ఫ్యాక్టరీలకి తోలేవారు. చివరి ఏడు సగం రోజులు క్లాసు, సగం రోజులు పని. చేతికి గ్రీజు అంటకుండా ఒక్కణ్నీ బయటికి పోనివ్వరు. నేను పని నేర్చుకున్న చోటే నన్ను పెట్టుకున్నారు. నాతో చదివినవాళ్లలో ఇంకా దొరకనివాళ్లు కూడా ఉన్నారు, అబద్ధమెందుకు చెప్పాలి. లైబ్రరీ కావాలంటే మాత్రం రాకు. అయ్యో, పిలుస్తున్నారు, ఉంటా."

ఫోను ఆగిపోయింది.

పిచ్చుక తన ఫోను వైపు చూసింది. రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. వేలు పైనున్న గుట్టమీది కాలేజీ పేరు మీద ఒక క్షణం నిలిచింది. ఆ వేలు కిందికి జరిగి నొక్కింది. నొక్కాక ఫోను తల్లికిచ్చి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

తమ్ముడు తాళం తీసుకున్నాడు. బేరగాడు లేచి, "వృథాగా తిప్పారు" అని గొణిగాడు. "రండి, మీరు చూడాల్సిన ఇంకో బండి దాకా దించుతాను," అని తమ్ముడు ఆయన్ను ట్రాలీలోనే ఎక్కించుకుని వెళ్లాడు. అక్కతో మాత్రం ఏమీ అనలేదు. చాలా రోజులు అనలేదు.

ఆ ఏడు పుస్తకం ఆలస్యంగా వచ్చింది. కాలేజీల వరసలు మారాయి. కొందరు వచ్చి సారుతో గొడవపడ్డారు. 'ఫోను ఎత్తనివారు' అని ఒక కొత్త గడి పెట్టాడాయన. ఫోనక్క భోజనం బ్రేకులో ఫోన్లు చేయడానికి తన అన్నం మూడింటికి తినడం మొదలుపెట్టింది. టీ బండివాడు ఎవరూ చెప్పకుండానే రెండింటికి ఒక కప్పు పైకి తెచ్చి, చల్లారకుండా సాసరుతో మూసి పెట్టి వెళ్లేవాడు.

ఏళ్లు నడిచాయి. కాలువ పక్క కాలేజీ పంపిన నంబర్లలో ఒక వేసవి ఫోనక్కకు తమ్ముడి ఇంటి నంబరు కనబడింది. లెక్కల పిల్ల చూసి, "నేను చేస్తాలే అక్కా" అంది.

"వద్దు. అందరికీ నేనేగా చేసేది."

కళ్లు మూసుకుంది. ఏమీ కోరుకోకుండా తెరిచి, నంబరు నొక్కింది. మరదలు ఎత్తింది. గొంతు గుర్తుపట్టి కూడా, ఇది ఏ ఫోనో తెలిసి, మర్యాదగా ఆగింది.

"అమ్మా, పిల్లకి పొద్దున క్యారియర్ ఎన్నింటికి కడతారు?"

ఆగుడు. ఫోనక్కకు పళ్ల వెనక మాట సిద్ధంగా ఉంది, ఎప్పటి పాత మాట. మింగింది.

"ఇంకా కట్టట్లేదు వదినా," అంది మరదలు. "రెండు చోట్ల పిలిచారు, కుదరలేదు. రాసుకో. ఉన్నదే రాసుకో."

ఫోనక్క రాసింది. అక్షరం చెదరకుండా రాసింది. పుస్తకం ప్రెస్సుకు పోయింది. అందులో పిచ్చుక 'లేదు' వైపే ఉంది.

వానలు మొదలయ్యాయి. ఫోనక్క ఉదయం తడిగొడుగు మూలన ఆరేసి, ఇంకా కుర్చీలో కూర్చోకముందే ఫోను మోగింది. మరదలు. వెనకాల హారన్. తమ్ముడు ఎవరినో తొందరపెడుతున్నాడు, "బస్సు పోతుందే, ట్రాలీ ఎక్కు, నేను దించుతా" అని.

"వదినా, నీకు తెలుస్తుందని చేశాను," అంది మరదలు, ఊపిరి తీసుకోకుండా. "ఇంట్లో ఉన్నదానికి మూత సరిగా పట్టట్లేదు. ఒలకని క్యారియర్లు ఏ కొట్లో దొరుకుతాయి?"